అడిగితే గాని బానెట్ ఎత్తని మిస్త్రీ

మొన్న సుబేదారిలో సిగ్నల్ దగ్గర ఆగాను. నా ముందు ఒక పాత పికప్ బండి ఉంది. వెనక పట్టా కప్పి ఉండడంతో అందులో ఏముందో తెలియలేదు. డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడల్లా ఎర్ర లైటుతో పాటు ఎడమవైపు ఇండికేటర్ కూడా మసకమసకగా వెలిగి ఆరిపోతోంది. బండి మాత్రం ఎటూ తిరిగే ఉద్దేశంలో లేదు. "దానికి ఎర్త్ లేదు," అన్నాను. పక్క సీట్లో ఉన్న మా ఆవిడ నా వంక వింతగా చూసి, "పత్తి చెక్క అమ్మేటాయనకు గీ విద్య ఎప్పటి సంది అచ్చింది?" అంది.

విద్య నాది కాదు. ములుగు రోడ్డులో రేకుల షెడ్డు కింద బండ్ల కరెంటు పని చేసిన ఒక మిస్త్రీది. ఆయన పోయిన సంగతి కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది. బ్యాటరీ సంగతి అడుగుదామని వెళ్తే ఆ షెడ్డు నిండా టైర్లున్నాయి. మిస్త్రీ ఏడని అడిగితే టైర్లాయన గాలి కొడుతూనే, "పోయిండు గదన్నా, వానకాలంల," అన్నాడు. ఆ మాట చెప్పిన తీరు చూస్తే మిస్త్రీ పక్క ఊరికి పోయి సాయంత్రానికి వస్తాడనిపించింది. కాసేపు అక్కడే నిలబడి తిరిగొచ్చేశాను.

ఆయన పేరు నాకు తెలియదు. షెడ్డు మీద బోర్డుండేది గాని దాని మీద ఉన్నది అంతకుముందు అక్కడ పంక్చర్లు వేసినాయన పేరు. బోర్డు మార్చరాదా అని ఒకసారి అంటే, "ఎందుకు? అది ఖరాబు గాలేదు గద," అన్నాడు. అందరికీ ఆయన మిస్త్రీయే.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. జుట్టుకు నల్లరంగు వేసేవాడు, మీసానికి మాత్రం వేసేవాడు కాదు. చొక్కా జేబులో చేతి అద్దం ఒకటి ఉండేది. డ్యాష్‌బోర్డు వెనక కంటికి అందని వైర్లను అందులో చూసేవాడు, పని కాగానే అదే అద్దంలో మీసం చూసుకునేవాడు. మెడలో ఒక వైరు వేలాడేది. దాని ఒక కొసకు బల్బు, ఇంకో కొసకు సూది. కరెంటు ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో చూసే సాధనం అది. దవాఖానలో డాక్టరు మెడలో గొట్టం వేసుకున్నట్టు దాన్ని వేసుకుని టీకొట్టుకు కూడా వెళ్లేవాడు. ఎవరైనా నవ్వితే సంతోషించేవాడు.

బండి తీసుకువెళ్లగానే బానెట్ ఎత్తుతాడేమో అనుకుంటే పొరపాటే. ముందు స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. టీ చెప్పించేవాడు. తర్వాత మొదలుపెట్టేవాడు. ఎప్పటి సంది గిట్లయితాంది? అంతకు ముందురోజు ఏం జరిగింది? బండి కడిగిండ్రా? పెండ్లికిచ్చిండ్రా? ఎవలన్న తోలుకపోయిండ్రా? పనుల మీద వచ్చినవాళ్లకు ఒళ్లు మండేది. హారన్ తనంతట తానే మోగుతోందని వచ్చిన ఒకాయన్ని, "ఈ నడుమ మీ బామ్మర్ది వచ్చిండా ఊరికి?" అని అడగడం నేను విన్నాను. వచ్చాడట. "అనుకున్న. బామ్మర్ది వచ్చిపోయిన బండి నాకు ఎర్కయితది. ఊకుండడు, ఏదో ఒక కొత్త లైటు పెట్టిపోతడు." వెనక అద్దం దగ్గర నీలం లైట్లు రెండు బయటపడ్డాయి. వాటి వైరే హారన్ వైరుకు రాసుకుంటోంది.

ఆ అడగడం బండ్లతోనే ఆగేది కాదు. మాది మండి బజార్లో పశువుల దాణా దుకాణం, ఇల్లు కూడా అందులోనే. అది తెలిసినప్పటి నుంచి నేను కనబడితే చాలు పట్టుకునేవాడు. "చిన్న సేటూ, పత్తి చెక్క తింటె బర్రె పాలల్ల వెన్న ఎందుకెక్కువైతది?" నాకు తెలియదన్నాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "రోజు అమ్ముతవు, ఎవల్నన్న అడగకపోయినవా?" ఎవరిని అడగాలన్నాను. "ఎవలు దొరక్కుంటె బర్రెనే అడుగు," అని వైర్లలోకి తల దూర్చాడు.

ఆయన చేతిలో పడ్డ ప్రతి బండీ మొదటి దెబ్బకే బాగయ్యేదని చెబితే అబద్ధం. చాలాసార్లు తప్పేవాడు. రిలే పోయిందంటాడు, అది బాగానే ఉంటుంది. స్విచ్ అంటాడు, అదీ బాగానే ఉంటుంది. అలా తప్పినప్పుడు వేరే మిస్త్రీలు మొహం మాడ్చుకుంటారు, ఈయన మొహం వెలిగేది. "తప్పయింది. మంచిదే, ఒక అనుమానం తగ్గింది," అనేవాడు. పనికి రాని అనుమానాల్ని ఒక్కొక్కటే తీసి పారేస్తే మిగిలినదే రోగమని ఆయన లెక్క. తోచిన ప్రతిదాన్నీ కొత్తది తెచ్చి వేసేవాళ్లంటే ఆయనకు గిట్టేది కాదు. "మార్చుడు పనిగాదు. దొరకబట్టుడు పని."

పెద్ద అవలక్షణం ఇంకొకటి ఉంది. రోగం దొరికాక ఆయనకు బండి మీద పట్టింపు పోయేది. వైర్లన్నీ పేగుల్లా బయటికి వేలాడుతుంటే, "గిదే, దొరికింది," అని చేతులు తుడుచుకుని మీసం చూసుకోవడానికి పోయేవాడు. టేపు చుట్టడం, క్లిప్పులు బిగించడం ఆయనకు చాకిరీ. బతిమాలాలి, కసరాలి, లేకపోతే మనమే స్పానర్ పట్టుకోవాలి. ఆ తప్పులకూ ఈ వదిలేయడానికీ అలవాటు పడ్డవాళ్లే ఆయన దగ్గరికి వెళ్లేవాళ్లు. మిగతావాళ్లు ఒకసారి తిట్టి మరో షెడ్డు చూసుకున్నారు.

మా పికప్ బండిని మొదటిసారి తీసుకువెళ్లింది ఒక దసరా అయ్యాక. పూజకని బండికి రంగు వేయించాం. అప్పటి నుంచి హారన్ కొడితే హెడ్‌లైట్లు మొక్కుబడిగా వెలిగేవి, వైపర్ వేస్తే హారన్ గొంతు మారేది. మా బాపు హారన్ మార్పించాడు, బల్బులు మార్పించాడు. మిస్త్రీ టీ తాగి, "రంగేసిండ్రా?" అని ఒక్కటే అడిగాడు. బండి కిందికి దూరి, బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు బిగించే లావుపాటి ఎర్త్ తీగను విప్పాడు. రంగులాయన పనిమంతుడు. ఆ తీగ కూర్చునే చోటును కూడా వదలకుండా నున్నగా రంగు పూసి, ఆ పైన మళ్లీ బోల్టు బిగించాడు. మిస్త్రీ చాకు తీసి ఇనుము కనబడేదాకా గీకాడు. "కరెంటు పోయే తొవ్వ అందరు చూస్తరు. వాపస్ అచ్చే తొవ్వ ఎవలు చూడరు. వాపస్ రాందే అది పోనేపోదు." గీకిన చోటు చూసి బాపు ప్రాణం విలవిలలాడింది. తీగను తిరిగి బిగించింది నేనే.

ఇక మా బండిలోని దేవుడి లైటు సంగతి చెప్పాలి.

ఒక వానాకాలం రఘునాథపల్లి దగ్గర మా బండి రోడ్డు మీద నుంచి జారి పొలంలోకి బోర్లాపడింది. అడ్డం వచ్చిన బర్రెను తప్పించబోయాడు మా డ్రైవరు సమ్మయ్య. బాపు పక్క సీట్లో ఉన్నాడు. సమ్మయ్యే అద్దం పగలగొట్టి బాపును బయటికి లాగాడు. చిన్న గీత తప్ప ఏమీ కాలేదు. బాపు ఆ బురదలో కూర్చునే యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకున్నాడు. బండిలో స్వామి పటం పెడతానని, దాని దగ్గర వెలుగు రాత్రీ పగలూ ఆరనివ్వనని. బండి బాగుచేయించగానే డ్యాష్‌బోర్డు మీద పటం, దాని చుట్టూ చిన్న బల్బుల దండ వచ్చాయి. తాళంచెవి తీసినా ఆరకుండా దాన్ని నేరుగా బ్యాటరీకే కలిపించాడు. కింద ఒక స్విచ్ ఉండేది గాని, "దాన్ని ముట్టొద్దు, నా పానం అండ్లున్నది," అని సమ్మయ్యకు చెప్పాడు. ఆ మాట మా అందరి ముందే అన్నాడు.

అంతా బాగానే నడిచింది కొంతకాలం. ఆ తర్వాత ఒక చిత్రమైన ఇబ్బంది మొదలైంది. నర్సంపేట వైపు లోడు వేసుకుపోయిన రోజు సమ్మయ్య ఆ దగ్గర్లోని తన ఊళ్లోనే రాత్రికి ఆగి తెల్లారి వచ్చేవాడు. అక్కడ ఆగిన మర్నాడు బండి సెల్ఫ్ తీసుకోదు. టిక్కు టిక్కుమంటుంది, అంతే. ఊరివాళ్లు నలుగురూ నెడితే లేస్తుంది. వరంగల్ వచ్చేసరికి బ్యాటరీ తేరుకుని సలక్షణంగా ఉంటుంది. మా ఇంటి ముందు రాత్రంతా నిలబెట్టినా పొద్దున్నే ఒక్క దెబ్బకు లేస్తుంది. కొత్త బ్యాటరీ వేసినా ఇదే వరస.

బాపు వ్యాపారి. ఆయన లెక్క ఆయనకు తేలిపోయింది. "బండి అదే, బ్యాటరీ అదే. ఇక్కడ దిగంది అక్కడ దిగుతాందంటే అక్కడున్నోడు ఏమో చేస్తాండు. రాత్రి విప్పి ఇంట్ల లైట్లకు పెట్టుకుంటాండు." సమ్మయ్యను నిలదీశాడు. సమ్మయ్య తల వంచుకుని, "లేదు సేటు," అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ ఊరుకోవడంతో బాపు అనుమానం మరింత గట్టిపడింది. సోమవారం వచ్చి తాళంచెవి అప్పజెప్పి పొమ్మన్నాడు. బజార్లో అప్పటికే 'సేటు బండి బ్యాటరీ దొంగ' అనే మాట పుట్టింది. ఆ మాట పడ్డవాడికి మండి బజార్లో ఇంకెవరూ బండి ఇవ్వరు.

ఒక్కసారి మిస్త్రీకి చూపిద్దామన్నాను. "చూపియ్యి. గని వాన్ని ఎంట తీస్కపోకు," అన్నాడు బాపు. "వాడు ముందరుంటె మిస్త్రీ మొకమాటపడ్తడు." సోమవారం పొద్దున ఇంట్లో ఉన్న రెండో తాళంచెవితో నేనే బండి తోలుకుని వెళ్లాను.

టీ అయింది, ప్రశ్నలయ్యాయి. మిస్త్రీ బ్యాటరీ తీగ ఒకటి విప్పి, మధ్యలో తన బల్బు పెట్టాడు. తాళంచెవి తీసి ఉంది, అయినా బల్బు వెలిగింది. దేవుడి లైటు స్విచ్ నొక్కాడు, ఆరింది. "గిదే. డైనమో ముసల్దయింది, బ్యాటరీని నిండ నింపుతలేదు. పైనుంచి ఇది రాత్రంత తింటాంది," అని అద్దం కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

"మిస్త్రీ, ఈ లైటు మా ఇంటి ముందల సుత రాత్రంత వెలుగుతది," అన్నాను. "మరి పొద్దుగాల్ల మంచిగనే లేస్తది గద. ఊర్లనే ఎందుకు లేస్తలేదు?"

జేబులోకి పోయిన చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది. "మల్ల చెప్పు," అన్నాడు. మళ్లీ చెప్పాను. అంత సంతోషం ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు. దొరికిన రోగం చేతిలోంచి జారిపోయినందుకు సంబరపడే మనిషిని ఆయన్నొక్కణ్నే చూశాను. ఆ పూట వేరే బండి ముట్టలేదు. ఊళ్లో బండి ఏటవాలుగా నిలబెడతాడా, చెట్టు కింద పెడతాడా, ఎంత పొద్దుండగా ఆపుతాడు, అన్నీ అడిగాడు. నాకు తెలిసినవి చెప్పాను. ప్రతిదాన్నీ తీసుకుని పరీక్షించి, "తప్పయింది, ఇంకో అనుమానం తగ్గింది," అంటూ పోయాడు. మధ్యాహ్నం దాటేసరికి ఆయన దగ్గర అనుమానాలు అయిపోయాయి.

"ఇగ బండిల ఏం మిగల్లేదు. మనిషి మిగిలిండు," అన్నాడు నెమ్మదిగా. "మీ బాపు అన్నదే ఖరారేమో." అన్నాడు గాని చేతులు తుడుచుకోలేదు. కాసేపయ్యాక, "సాయంత్రం మీ ఇంటికొస్త. బండిని చూసిన, అది పండుకునే జాగ సుత చూడాలె," అన్నాడు.

దీపాలవేళకు వచ్చాడు. మెడలో బల్బు వైరు అలాగే ఉంది. అప్పటికి సమ్మయ్య ఊరి నుంచి బస్సులో వచ్చి దుకాణం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తాళంచెవి గుప్పిట్లో ఉంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆయనా రాలేదు. మిస్త్రీ ఆయన్ని దాటుకుని లోపలికి వచ్చి తవుడు బస్తా మీద కూర్చున్నాడు. బాపు వెనక గోదాములో సంచులు ఎత్తిస్తున్నాడు. మా అమ్మ టీ తెచ్చింది.

మిస్త్రీ టీని సాసర్లో పోసుకుంటూ, మాటల్లో మాటగా అడిగాడు. "అక్కా, బండి ముందలనే గద నువ్వు రోజు ముగ్గేసేది?"

"అవును."

"నువ్వు ముగ్గేయవోయినప్పుడు దేవుని లైటు వెలుగుతాంటదా?"

అమ్మ వెంటనే, "నేను సూడలే," అంది.

మిస్త్రీ సాసర్ కింద పెట్టాడు. "రోజు ముగ్గేసే మనిషివి. ఎదురుంగ దేవుడుంటె సూడకుంట ఉంటవా అక్కా?"

అమ్మ కొంగు అంచు నలుపుతూ నిలబడింది. గోదాము వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "రాత్రి గడప కడిగి అచ్చేటప్పుడు ఆపుత. పొద్దుగాల్ల ముగ్గేసి మల్ల పెడ్త. ఆయన మొక్కు ఆయనది, కాదంటలేను. గని పొద్దంత దుమ్ముల తిరిగచ్చిన దేవుడు పండుకోవద్దా? గుట్ట మీద సుత రాత్రి పవళింపు చేస్తరు. లైటు కండ్లల్ల కొడ్తాంటె ఎట్ల పండుకుంటడు?"

మిస్త్రీ తొడ మీద చరుచుకున్నాడు. "గదీ. ఈడ దేవుడు పండుకుంటాండు. ఆడ మేల్కొనుంటాండు." ఆ సంబరం ఒక్క నిమిషం ఉంది. తర్వాత అమ్మ మొహం చూశాడు. "అక్కా, నేను బండి సంగతే చెప్త, ఇంటి సంగతి చెప్ప. అది నువ్వు చెప్తెనే బయటున్న మనిషి నౌకరి నిలవడ్తది," అన్నాడు.

బాపు చేతులకంటిన తవుడు దులుపుకుంటూ వచ్చాడు. అమ్మకు ఆయనంటే భయం లేదు గాని ఆయన మొక్కంటే ఉంది. అయినా ఒక్క గుక్కలో చెప్పేసింది. బాపు ఆమె వైపు తిరిగాడు.

"ఎప్పటి సంది?"

"మీరు పెట్టిచ్చిన్నాటి సంది."

బాపు బస్తా మీద కూలబడ్డాడు. తన ప్రాణం ఉందనుకున్న వెలుగు మొదటి రాత్రే ఆరింది. తను మాత్రం ఇన్నాళ్లూ గుండ్రాయిలా నిక్షేపంగా ఉన్నాడు. అది సంతోషించాల్సిన విషయమో, భయపడాల్సిన విషయమో ఆయనకు తేలలేదని మొహం చూస్తే తెలుస్తోంది.

మిస్త్రీ లేచి, అందరికీ వినబడేటట్టు లెక్క ఒప్పజెప్పాడు. లైటు తింటోంది, డైనమో నింపడం లేదు, ఇక్కడ అమ్మ ఆపడం వల్ల బ్యాటరీ నిలుస్తోంది. "పాపం గా డ్రైవరుకు ఏం తెలుసు, లైటు తింటాందని?" అన్నాడు చివరికి.

"ఎర్కే అన్నా," అన్నాడు సమ్మయ్య మెట్టు మీద నుంచి.

అందరం అటు తిరిగాం. ఆయన లేవలేదు, గొంతు పెంచలేదు. "ఎప్పుడో ఎర్కయింది. ఒక్కనాడు మా ఊర్ల లైటు ఫ్యూజు పోయింది. తెల్లారి సెల్ఫ్ మంచిగ కొట్టింది. గప్పుడే సమజైంది. మల్ల ఫ్యూజేసిన."

"మల్ల ఎందుకేసినవురా?" అన్నాడు బాపు. ఆ గొంతు నేనెరిగిన గొంతు కాదు.

"మీ పానం అండ్లున్నదన్నరు గద సేటు. ఆపినంక మీకేమన్నయితె? నెట్టుకుంటె లేస్తనే ఉన్నది గదా అనుకున్న."

అమ్మ కొంగు కళ్లకు పెట్టుకుంది. బాపు లేచి, మెట్టు దిగి, బండి దగ్గరికి నడిచాడు. తలుపు తీసి స్వామికి దండం పెట్టుకుని, తన చేత్తో తానే స్విచ్ నొక్కాడు. తిరిగొచ్చి, సమ్మయ్య మొహం చూడలేక వీధిలోకి చూస్తూ, "రేపు రఘునాథపల్లి లోడున్నది. జల్ది రా," అన్నాడు. తాళంచెవి అడగలేదు.

బాపు లోపలికి పోయాక కూడా మిస్త్రీ అక్కడే నిలబడి ఉన్నాడు. ఏ రోగం దొరికినా మీసం చూసుకునే మనిషి, ఆ రోజు అద్దం తీయలేదు. మెల్లగా వెళ్లి మెట్టు మీద సమ్మయ్య పక్కన కూర్చున్నాడు.

"ఇంటోళ్లందర్ని అడిగిన తమ్మీ," అన్నాడు. "పొద్దటి సంది అడుగుతనే ఉన్న. నువ్వు ఈన్నే కూసున్నవు, నిన్ను దాటుకుంట పోయిన. నేను సుత నిన్నే దొంగ అనుకున్న."

సమ్మయ్య, "పోనియ్యన్నా," అన్నాడు.

"ఎట్ల పోనిస్త," అని మిస్త్రీ మెడలోని వైరు తీసి పక్కన పెట్టాడు. "ఇప్పుడు అడుగుత. మొదట్నుంచి చెప్పు."